మెరీనా జనం: వరిమళ్ల మీద కట్టిన రాజ్యం



ఈ పూట మనం హిందూ మహాసముద్రం దాటి మడగాస్కర్ వెళ్దాం. ఆఫ్రికాకు ఆగ్నేయాన, మొజాంబిక్ తీరానికి ఎదురుగా ఉన్న దీవి అది. ప్రపంచంలోని పెద్ద దీవుల్లో నాలుగోది. దాని నడుమ ఎత్తైన పీఠభూమి ఉంది. ఎర్రమట్టి కొండలు, వాటి మధ్య పల్లాల్లో వరిమళ్లు. ఆ సీమను ఇమెరినా అంటారు. అక్కడి జనం మెరీనాలు. దేశ జనాభాలో దాదాపు నాలుగో వంతు వాళ్లేనని అంచనా. రాజధాని అంతనానరివో వాళ్ల గడ్డ మీదే ఉంది. సముద్రమట్టానికి సుమారు 1,280 మీటర్ల ఎత్తు.

మెరీనాల రాజులూ రాణులూ దాదాపు మూడు వందల ఏళ్లు పాలించారు. ఒక దశలో దీవిలో మూడింట రెండు వంతుల మీద వాళ్ల అధికారం నడిచింది. ఆ కథంతా పావుగంటలో చెప్పలేను. అందుకే ఒక్క సంగతి పట్టుకుంటాను. జనం కూలి లేకుండా కలిసి చేసే పని. ఆ పనితోనే మెరీనాల రాజ్యం లేచింది. ఆ పనే చివరికి దాన్ని పడగొట్టింది.

అదెలాగో తెలియాలంటే ముందు ఒక ఊరిని ఊహించుకోండి. ఊరికి ఒక చెరువు ఉంది. వానాకాలంలో కట్టకు గండి పడింది. దండోరా వేశారు. ఇంటికో మనిషి పారా గంపా పట్టుకుని కదిలాడు. ఎవరూ కూలి అడగలేదు. ఎందుకంటే ఆ నీళ్లు పారేది వాళ్ల పొలాలకే. దీన్ని గట్టు పని అందాం. మరుసటి ఏడు ఆ ఊరి పెద్ద మళ్లీ దండోరా వేయించాడు. ఇంటికో మనిషి రావాలన్నాడు. ఈసారి కట్టేది ఆయన మేడ. మోసేది అదే మట్టి. కూలి లేకపోవడమూ అంతే. కానీ ఈ పని వల్ల మోసినవాడి పొలానికి చుక్క నీరు రాదు. దీన్ని మేడ పని అందాం. గట్టు పని, మేడ పని. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. ఇమెరినా చరిత్రలో అడుగడుగునా ఇవే కనిపిస్తాయి.

ఇంతకీ ఈ మెరీనాలు ఎక్కడివాళ్లు? పక్కనే ఆఫ్రికా ఉంది. అయినా వాళ్ల భాషకు దగ్గరి చుట్టం ఆఫ్రికాలో లేదు. సముద్రానికి ఆవలి ఒడ్డున, ఇండోనేషియాలోని బోర్నియో దీవిలో ఉంది. అక్కడ బరీటో నది ప్రాంతంలో మాన్యాన్ అనే భాష మాట్లాడతారు. మడగాస్కర్ భాష దానికి దగ్గరిదని నార్వే పండితుడు ఓటో దాల్ 1951లో సాక్ష్యాలతో చూపించారు. అంటే వెయ్యేళ్లకు పైబడి క్రితం, పక్కకర్రలు కట్టిన పడవల్లో, వేల కిలోమీటర్ల సముద్రం దాటి కొందరు ఈ దీవికి చేరారు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లతో కలిసిపోయారు. మూపురం ఎద్దులు ఆఫ్రికా వైపు నుంచి వచ్చాయి. వరి సాగు తూర్పు వైపు నుంచి వచ్చింది. ఎద్దూ వరీ రెండూ కలిసిన బతుకు మెరీనాలది.

ఇప్పుడు 1610 ప్రాంతానికి వెళ్దాం. అంద్రియన్‌జాక అనే రాజు ఒక ఎత్తైన కొండను గెలుచుకున్నాడు. అంతకుముందు అక్కడ వజింబా అనే జనం ఉండేవారని కథలు చెబుతాయి. రాజు ఆ కొండ మీద వెయ్యిమంది సైనికులను కాపలా పెట్టాడంటారు. అదే ఇవాళ్టి అంతనానరివో నగరానికి మొదలు. కొండ మంచిదే, కోటకు బాగుంటుంది. మరి తిండి? కొండ కింద ఇకూపా నది పారుతుంది. ఆ రోజుల్లో నది పక్కనంతా పెద్ద చిత్తడి నేల. జమ్మూ తుంగా పెరిగిన బురద. దాని పేరు బెత్సిమితతత్ర. ఆ రాజు ఆ చిత్తడిని వరిపొలం చేయడం మొదలుపెట్టాడు. నది వెంట గట్లు వేయించాడు. నీరు బయటికి పోయేందుకు కాలువలు తవ్వించాడు. అది ఒక రాజుతో అయిపోయిన పని కాదు. తరతరాలు సాగింది.

ఆ పని ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. యంత్రాలు లేవు. చేతిలో ఉన్నదల్లా అంగాది. పొడవాటి కర్రకు సన్నటి ఇనుప రేకు బిగించిన పార అది. మగవాళ్లు దాంతో నేల తిరగేసేవారు. తర్వాత మడిలో నీళ్లు పెట్టి ఎద్దుల మందను లోపలికి తోలేవారు. అవి గిరగిరా తిరిగి తొక్కితే మడి దమ్మయ్యేది. ఆ తర్వాత ఆడవాళ్లు దిగి నాట్లు వేసేవారు. ఎద్దులతో తొక్కించడం, ఆడవాళ్లు నాటడం ఇప్పటికీ అక్కడి పల్లెల్లో చూడవచ్చు. ఇక నది గట్టు తెగిందంటే ఒక్కడి పొలం మునిగి ఊరుకోదు. మైదానమంతా మునుగుతుంది. అందుకే గట్టు కాపాడుకోవడం అందరి పని అయింది. ఇది గట్టు పని.

కలిసి పనిచేసే ఊరి సమాజాన్ని అక్కడ ఫుకునులున అంటారు. కొన్ని కుటుంబాలు, ఒక పల్లపు భూమి, కొన్ని కట్టుబాట్లు. గొడవలొస్తే వాళ్లే కూర్చుని తీర్చుకునేవారు. దొంగ పడితే వాళ్లే పట్టుకునేవారు. గట్టు తెగితే వాళ్లే పూడ్చుకునేవారు.

పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఈ రాజ్యం ముక్కలైంది. ఒక రాజు తన కొడుకుల్లో నలుగురికి రాజ్యం పంచి ఇచ్చాడు. ఆ తర్వాత అన్నదమ్ముల వారసులు డెబ్బై ఏళ్లకు పైగా కొట్టుకున్నారు. ఆ రోజుల్లో తీరానికి యూరప్ ఓడలు వచ్చేవి. వాటికి మనుషులు కావాలి. యుద్ధంలో పట్టుబడినవాళ్లను బానిసలుగా అమ్మితే తుపాకులూ వెండి నాణేలూ ఇచ్చేవారు. ఆ వెండి నాణెం పల్లె సంతకు మరీ పెద్దది. దాన్ని ముక్కలుగా కోసి త్రాసులో తూచి వాడుకునేవారు. అన్నిటికంటే చిన్న ముక్క బరువు ఎంతో తెలుసా? ఒక్క వడ్లగింజంత. నాణెంలో 720వ వంతు. వాళ్ల బతుకులో వరి ఎక్కడిదాకా పోయిందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ ముక్కలను మళ్లీ కలిపినవాడు ఒక మహారాజు. పేరు అంద్రియనాంపుయినిమెరినా. పేరు పొడుగే, ఒకసారి విని వదిలేయండి. ఇక్కడి నుంచి ఆయన్ను మహారాజు అనే చెబుతాను. 1787లో తన మేనమామను తప్పించి అంబూహిమంగ కొండ మీద గద్దెనెక్కాడు. 1790లలో అంతనానరివోను గెలిచాడు. 1810లో చనిపోయేనాటికి ఇమెరినా అంతా ఒక్కటైంది. కత్తితో గెలిచాడు నిజమే. కానీ నిలబెట్టింది మాత్రం పారతో. ఇకూపా గట్లను బలపరిచాడు. కాలువలు పొడిగించాడు. ఒక కుటుంబానికి సరిపడేంత వరిభూమిని ఒక వాటాగా లెక్కకట్టి ఇంటింటికీ పంచాడు. దాని మీదే పన్ను వేశాడు. ఊరి సమాజాలకు బాధ్యతలు అప్పజెప్పాడు. సముద్రమే తన వరిమడికి గట్టు అని ఆయన చెప్పాడంటారు. మొత్తం దీవి తనదే అని ఆయన ఉద్దేశం. ఆ ఆశను కూడా ఆయన వరిమడి భాషలోనే చెప్పుకున్నాడు చూడండి.

ఆయన దయామయుడని నేను చెప్పను. బానిసల వ్యాపారం ఆయన కాలంలోనూ జోరుగానే సాగింది. కానీ ఆయన జనం చేత చేయించిన పనిలో పెద్ద భాగం గట్టు పని. మోసినవాడికి మడి దక్కింది. అదే ఆయన బలం.

ఇక్కడ ఆగి మెరీనాల సంఘం ఎలా ఉండేదో చెప్పాలి. అది సమానుల సంఘం కాదు. పైన అంద్రియనలు, అంటే రాజవంశాల వాళ్లు. వాళ్లలోనూ అంతరువులు. తర్వాత హువలు, సాధారణ రైతులు. వీళ్లే ఎక్కువమంది. తర్వాత రాజుకు ప్రత్యేకంగా ఊడిగం చేసే కొన్ని వర్గాలు. అందరికంటే కింద అందెవులు, అంటే బానిసలు. పెళ్లిళ్లు ఎవరిలో వాళ్లకే. ఇంకో తేడా కూడా ఉంది. అన్ని తేడాల్లోకీ బలమైనది అదే. సమాధి ఉన్నవాళ్లు, సమాధి లేనివాళ్లు.

మెరీనా కుటుంబానికి రాతి సమాధి అంటే ప్రాణం. పాతకాలంలో బతికున్నవాళ్ల ఇళ్లు చెక్కతోనో గడ్డితోనో మట్టితోనో కట్టేవారు. రాయి చనిపోయినవాళ్లకే. రాజధానిలో రాతి ఇళ్లు కట్టకూడదని రాజాజ్ఞ కూడా ఉండేది. 1860ల చివరలో గానీ అది పోలేదు. కుటుంబమంతా డబ్బు వేసుకుని, చేతులు కలిపి సమాధి కట్టుకుంటుంది. అది ఉన్న ఊరే వాళ్ల పూర్వీకుల ఊరు. మనిషి ఎక్కడ బతికినా, చివరికి చేరాల్సింది అక్కడికే. బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త మారిస్ బ్లాక్ 1971లో మెరీనా సమాధుల మీద ఒక పుస్తకం రాశారు. పొట్టకూటికి దూరాన స్థిరపడిన మెరీనాలు కూడా, తరాలు గడిచినా, ఆ పాత ఊరికి చెందినవాళ్లమనే చెప్పుకోవడం ఆయన గమనించారు.

కొన్నేళ్లకు ఒకసారి ఆ సమాధి తెరుస్తారు. ఈ వేడుకను ఫమదిహన అంటారు. వానలు లేని చలికాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా చేస్తారు. ఊరూరి నుంచి బంధువులు వస్తారు. మేళం మోగుతుంది. సమాధిలోంచి పెద్దల అవశేషాలను బయటికి తెచ్చి కొత్త పట్టు వస్త్రాల్లో చుడతారు. భుజాల మీద ఎత్తుకుని నాట్యం చేస్తారు. పుట్టిన పిల్లల గురించి, జరిగిన పెళ్లిళ్ల గురించి వాళ్లకు చెబుతారు. సాయంత్రం లోపల మళ్లీ సమాధిలో చేరుస్తారు. వచ్చినవాళ్లందరికీ వరి అన్నం, కొవ్వు దండిగా ఉన్న మాంసం. ఈ మాట వింటే కొందరికి భయం వేయవచ్చు. అక్కడ ఆ రోజు ఏడుపు ఉండదు. తాత ఇంటికొచ్చిన పండుగ అది. మెరీనా సైనికులు దూర ప్రాంతాల్లో చనిపోతే వాళ్ల ఎముకలను ఇంటికి తెచ్చేవారు. ఈ ఆచారం అంతగా పెరగడానికి అది ఒక కారణమని కొందరు చరిత్రకారులు అంటారు.

ఇప్పుడు బానిస సంగతి ఆలోచించండి. అతన్ని ఎక్కడినుంచో పట్టుకొచ్చారు. అతనికి పూర్వీకుల ఊరు లేదు, రాతి సమాధి లేదు. చుట్టూ ఉన్నవాళ్ల లెక్కలో అతనికి తాతముత్తాతలే లేరు. ఆ అవమానం అతని మనవల దాకా పాకింది. ఇవాళ్టికీ ఇమెరినాలో పెళ్లి మాటలొచ్చినప్పుడు, అవతలివాళ్ల పెద్దలు అందెవులా అని ఆరా తీసేవాళ్లు ఉన్నారు. ఆ సంఘంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

మళ్లీ కథలోకి వద్దాం. మహారాజు కొడుకు రదామా. 1810లో రాజయ్యాడు. పక్కనే ఉన్న మారిషస్ దీవిని అదే ఏడాది బ్రిటిష్ వాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి గెలుచుకున్నారు. అక్కడి గవర్నరు ఫార్‌క్హర్‌తో 1817లో రదామా ఒప్పందం చేసుకున్నాడు. బానిసలను బయటి దేశాలకు అమ్మడం ఆపాలి. బదులుగా బ్రిటిష్ వాళ్లు తుపాకులు, మందుగుండు, సైనిక శిక్షణ ఇవ్వాలి. 1820లో ఆ ఒప్పందాన్ని గట్టిపరిచారు. లండన్ మిషనరీలు వచ్చి బడులు పెట్టారు. లాటిన్ లిపిలో మడగాస్కర్ భాష రాయడం అప్పుడే స్థిరపడింది.

ఇక్కడ మన తెలుగువాళ్ల కథ కూడా వచ్చి కలుస్తుంది. మారిషస్ చెరకు తోటల్లో చెమటోడ్చిన బానిసల్లో మడగాస్కర్ మనుషులు చాలామంది. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు పనివాళ్లు కావలసి వచ్చింది. అప్పుడు ఒప్పంద కూలీలుగా ఇండియా నుంచి జనాన్ని తీసుకుపోయారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు ఓడలెక్కారు. అందుకే మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగివాళ్లు అనే పేరు వచ్చింది. మడగాస్కర్ బానిసలు నడుములు వంచిన ఆ తోటల్లోనే మనవాళ్లూ నడుములు వంచారు.

రదామా ఒప్పందం వల్ల అమ్మకం ఆగింది, కానీ బానిసత్వం ఆగలేదు. పట్టుబడినవాళ్లు ఇక ఇమెరినాలోనే బానిసలుగా మిగిలారు. మరోవైపు రాజుకు పెద్ద సైన్యం కావలసి వచ్చింది. సైనికులకు జీతం లేదు. సైన్యంలో చేరడమూ రాజుకు చేయాల్సిన సేవేనన్నారు. ఆ సేవను అక్కడ ఫనంపువన అంటారు. మన పల్లెల్లో దాన్ని వెట్టి అంటారు. రైతు యుద్ధానికి పోయాడు. జ్వరాల అడవుల్లో చనిపోయాడు. గట్టు పని మెల్లగా మేడ పనిగా మారడం ఇక్కడే మొదలైంది.

రదామా 1828లో చనిపోయాడు. ఆయన భార్య మొదటి రనవలూనా 33 ఏళ్లు పాలించింది. ఆమెను యూరప్ రచయితలు రాక్షసిగా చిత్రించారు. 1835లో ఆమె తన ప్రజలకు క్రైస్తవాన్ని నిషేధించింది, విశ్వాసులను చంపించింది. అది నిజం. 1845లో తీరం మీదికి వచ్చిన బ్రిటిష్, ఫ్రెంచి ఓడలను ఆమె సైన్యం తిప్పికొట్టిందన్నదీ నిజం. ఆమె ఉన్నంతకాలం దేశం పరాయివాళ్ల చేతికి పోలేదు. కానీ ఆమె కాలంలో వెట్టి భయంకరంగా పెరిగింది. ఓడ మునిగి ఒడ్డుకు చేరిన జాన్ లబోర్డ్ అనే ఫ్రెంచివాడి చేత మంతసువా అనే చోట ఫిరంగులు, గాజు, సబ్బు తయారుచేసే కార్ఖానాలు పెట్టించింది. కూలీలంతా వెట్టివాళ్లే. 1845లో రాణి సపరివారంగా అడవిదున్నల వేటకు బయల్దేరింది. వెట్టివాళ్లు ఆమెకు ముందుగా దారి వేస్తూ పోవాలి. నెలల తరబడి సాగిన ఆ ప్రయాణంలో ఆకలితో, జ్వరాలతో పదివేల మంది దాకా చనిపోయారని చరిత్రకారుల అంచనా. మేడ పని ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

తర్వాత కథ త్వరగా చెబుతాను. 1864 నుంచి అధికారమంతా రైనిలైరివూని అనే ప్రధానమంత్రి చేతిలోకి వచ్చింది. ఆయన వరసగా ముగ్గురు రాణులను పెళ్లాడాడు. తెలివైనవాడు, పట్టుదల గలవాడు. 1869లో అప్పటి రాణీ ఆయనా క్రైస్తవం తీసుకున్నారు. 1881లో 305 సెక్షన్ల చట్టం తెచ్చారు. పిల్లలందరూ బడికి రావాలన్నారు. చెప్పుకోవడానికి ఎంత బాగుందో చూడండి. కానీ బడి పట్టీలో పేరెక్కిన పిల్లలే రేపటి వెట్టి పట్టీలో తేలారు. చర్చి కూడా ప్రభుత్వానికి మనుషులను లెక్కబెట్టే కచేరీలా మారింది. ఇంతలో 1883లో ఫ్రాన్స్ దాడి చేసింది. 1885లో సంధి కుదిరింది. కోటి ఫ్రాంకుల పరిహారం నెత్తిన పడింది. దానికోసం పారిస్ బ్యాంకులో అప్పు చేసి, రేవుల సుంకాలు తాకట్టు పెట్టారు. అప్పు తీర్చడానికి జనాన్ని బంగారం కడగడానికి తోలారు. అదీ వెట్టే. రైతులు ఇళ్లు వదిలి అడవుల్లోకి పారిపోయారు. పారిపోయినవాళ్లలో కొందరు దోపిడీ ముఠాలయ్యారు.

1895లో ఫ్రెంచి సేన మహజంగ రేవులో దిగింది. అడవి, జ్వరం అనే ఇద్దరు సేనాపతులు తనకున్నారని వెనకటికి రదామా అనేవాడట. జ్వరం తన పని తాను చేసింది. ఫ్రెంచి సేనలో ఐదువేల మందికి పైగా రోగాలతో చనిపోయారు. యుద్ధంలో చనిపోయింది పాతికమంది దాకా. అంటే మెరీనా సైన్యం పోరాడిందే తక్కువ. జీతం లేని సైనికుడు, ఇంటి దగ్గర బీడుపడ్డ మడి ఉన్న సైనికుడు ఎవరి కోసం నిలబడతాడు? సెప్టెంబరు 30న రాజధాని లొంగిపోయింది.

కానీ ఆశ్చర్యం చూడండి. రాజధాని పడ్డాక పల్లెలు లేచాయి. ఎర్రమట్టి రంగు బట్టలు కట్టుకుని తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును మెనలంబ అంటారు. వాళ్లు ఫ్రెంచివాళ్ల మీదే కాదు, చర్చిల మీదా, వెట్టికి తోలిన సొంత అధికారుల మీదా విరుచుకుపడ్డారు. అణచడానికి ఫ్రాన్స్‌కు రెండేళ్లు పట్టింది. 1896 సెప్టెంబరులో బానిసత్వం రద్దయింది. 1897లో ఫ్రెంచి గవర్నరు గలియెనీ రాచరికం రద్దు చేసి, చివరి రాణి మూడో రనవలూనాను రీయూనియన్ దీవికి, తర్వాత అల్జీర్స్‌కు పంపించాడు. ఆమె అక్కడే 1917లో చనిపోయింది. వెట్టి మాత్రం పోలేదు. రోడ్లకూ రైలుకట్టకూ ఫ్రెంచివాళ్లు కూడా అదే పద్ధతి వాడారు. దేశానికి 1960 జూన్ 26న స్వాతంత్ర్యం వచ్చింది.

మరి ఇప్పుడు? మహారాజు గద్దెనెక్కిన అంబూహిమంగ కొండను యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. రాజధాని కొండ మీది పాత రాజభవనాలు 1995 నవంబరులో కాలిపోయాయి. వాటిని మళ్లీ కట్టే పనికి డబ్బూ మనుషులూ దొరుకుతున్నారు. కొండ కింద ఉన్న బెత్సిమితతత్ర వరిమైదానానికి మాత్రం ఆ అదృష్టం లేదు. నగరం పెరుగుతోంది. వరిమళ్లలో మట్టి పోసి ఇళ్లు, గిడ్డంగులు కడుతున్నారు. కాలువలు చెత్తతో పూడుతున్నాయి. వాననీరు పోయే దారి లేక పల్లపు పేటలు మునుగుతున్నాయి. 2022 జనవరి వరదల్లో వేలమంది ఇళ్లు వదిలారు. ముందు మునిగేవి పేదల పేటలే. ఆ పేదల్లో ఒకప్పటి బానిసల మనవలు చాలామంది.

కాలిన రాజభవనం కోసం ఎంత శ్రద్ధ చూపుతున్నారో అంతకంటే ఎక్కువ శ్రద్ధ ఆ గట్ల మీద, ఆ కాలువల మీద పెట్టాలి. మిగిలిన మళ్లను పూడ్చడం ఆపాలి. పూడిక తీసే పనికి పిలిచిన ప్రతి మనిషికీ కూలి ఇవ్వాలి.